చూపుకూ పథ్యం ఉండాలి

నోటి ద్వారా లోపలికి పోయే ప్రతి వస్తువుకూ మన పెద్దలు ఒక కొలత ఏర్పరచారు. ఉప్పుకు చిటికెడు, శొంఠి పొడికి మూడు వేళ్ళకు వచ్చినంత, బియ్యానికి సోలెడు, కషాయానికి గుక్కెడు. బాలింతకు ఒక కొలత, ముసలివారికి ఒక కొలత, జ్వరం తగ్గి లేచినవానికి మరొక కొలత. కడుపును నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు అన్నానికి, ఒక భాగం ద్రవానికి కేటాయించి, నాల్గవ భాగాన్ని వాయువు సంచరించడానికి ఖాళీగా విడిచిపెట్టమని వాగ్భటాచార్యుడు ఉపదేశించాడు. కాని కంటి ద్వారా లోపలికి పోయేదానికి నేడు మన ఇళ్ళలో ఏ కొలపాత్రా లేదు. ఆ లోటును గురించి ఈ నెల పాఠకులతో నాలుగు మాటలు మనవి చేయదలచాను.

2023 జూలై మొదటివారంలో ఆలంపూరులో నా వద్దకు ఒక యువకుడు వచ్చాడు. పోటీ పరీక్షలకు చదువుతున్నవాడు. కళ్ళు మంటలు, తలబరువు, రాత్రి రెండు గంటల వరకు నిద్ర పట్టకపోవడం, ఉదయం ఆకలి లేకపోవడం అతని బాధలు. కంటిలో వేసుకోవడానికి ఏదైనా చుక్కల మందు ఇమ్మన్నాడు. నాడి చూసి, ఆహార విహారాలు విచారించిన తరువాత, "నాయనా, రోజుకు ఎంతసేపు ఫోను చూస్తావు?" అని అడిగాను.

"గంట కూడ సూడను సారూ" అన్నాడు. ఆ వెంటనే తానే సిగ్గుపడి, వారం క్రితం జరిగిన సంగతి చెప్పాడు. జూలై 1న గ్రూప్-4 పరీక్ష రాసి వచ్చి, ప్రశ్నలకు సరియైన జవాబులేమిటో తెలుసుకుందామని ట్విట్టరు తెరిచాడట. ఆ రాత్రి కొంతసేపటికి తెర మీద పరిమితి దాటిపోయిందన్న మాట కనిపించి, క్రొత్తవి రావడం ఆగిపోయాయి. "ఆరువందలు సూస్తే బందయితదంట సారూ. నేను ఆరువందలు సూసిన్నా అని నాకే నమ్మబుద్ధి కాలే" అన్నాడు.

నా విచారణకు అతడు ఇచ్చిన జవాబులలో వ్యాధి నిదానానికి పనికివచ్చింది ఈ ఒక్క మాటే. ఎంత తిన్నాడో తెలియని రోగి అరుదు. ఎంత చూశాడో తెలిసిన రోగి ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఆనాడు జరిగినదేమి?

2023 జూలై 1న ట్విట్టరు సంస్థ యజమాని ఎలాన్ మస్క్ ఒక ప్రకటన చేశారు. దాని ప్రకారం ధ్రువీకరణ పొందిన ఖాతాదారులు రోజుకు 6000 సందేశాలు, ధ్రువీకరణ లేనివారు 600, ధ్రువీకరణ లేని క్రొత్తవారు 300 మాత్రమే చూడగలరు. కొద్ది గంటలలోనే ఈ సంఖ్యలు 8000, 800, 400గాను, ఆపైన 10000, 1000, 500గాను మారాయి. ఇతర సంస్థలు యంత్రాల సహాయంతో తమ సమాచారాన్ని అపరిమితంగా తోడుకొనిపోతున్నందున ఈ తాత్కాలిక కట్టడి అవసరమైనదని వారు చెప్పిన కారణం. అదే నెల చివరలో ఆ సంస్థ తన పేరును 'ఎక్స్'గా మార్చుకున్నది.

ఈ సంఖ్యలను వైద్యుని దృష్టితో పరిశీలిద్దాము. ఒక్కొక్క సందేశానికి ఆరు సెకండ్లు పట్టిందనుకుంటే, 600 సందేశాలకు 3600 సెకండ్లు, అనగా సరిగ్గా ఒక గంట. ఆ లెక్కన 6000 సందేశాలకు పది గంటలు. గంటసేపట్లో ఆరువందల మంది మాటలు, ముఖాలు, కోపాలు, పరిహాసాలు, ప్రమాద దృశ్యాలు మనస్సులోనికి ప్రవేశించాయన్నమాట. ఒక విందులో ఆరువందల వంటకాలను ఒక్కొక్క మెతుకు చొప్పున తిన్నవాని జీర్ణకోశం ఏమవుతుందో పాఠకులే ఊహించగలరు.

శాస్త్రం ఏమంటున్నది?

చరకసంహిత సూత్రస్థానంలో రోగాలకు మూడు మూలకారణాలు చెప్పబడ్డాయి. ఇంద్రియాలకు వాటి విషయాలతో తగని సంబంధం కలగడం మొదటిది. మంచిచెడ్డలు తెలిసికూడ బుద్ధి తప్పి నడవడం, అనగా ప్రజ్ఞాపరాధం, రెండవది. కాలప్రభావం మూడవది. ఇంద్రియాల తగని సంబంధాన్ని మళ్ళీ మూడు విధాలుగా విభజించారు: అతియోగం, అయోగం, మిథ్యాయోగం. కంటి విషయంలో మిక్కిలి కాంతి గల వస్తువులను అధికంగా చూడడం అతియోగం. బొత్తిగా చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా, మరీ దూరంగా ఉన్నవాటిని చూడడం, భయంకరమైన, రోత పుట్టించే, ద్వేషం కలిగించే, వికారమైన రూపాలను చూడడం మిథ్యాయోగం.

చీకటి గదిలో, దుప్పటి క్రింద, ముఖానికి జానెడు దూరంలో వెలిగే తెరను పెట్టుకుని, కొట్లాటలను, శవాలను, దూషణలను చూస్తున్న మనిషిని తలచుకోండి. కాంతి వలన అతియోగం, సామీప్యం వలన, దృశ్యస్వభావం వలన మిథ్యాయోగం, అన్నీ ఒక్కసారే సంభవిస్తున్నాయి. దీనికి రాత్రి జాగరణ తోడై శరీరంలో రూక్షతను పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలుగా ఆహార, నిద్రా, బ్రహ్మచర్యాలను శాస్త్రం చెప్పింది. వాటిలో నిద్ర అనే స్తంభాన్ని ఈ అలవాటు రాత్రి రాత్రికీ తొలుస్తున్నది. తెరను తదేకంగా చూసేటప్పుడు కనురెప్పలు వాల్చడం తగ్గి, కంటిలోని తడి ఆరిపోతుందని నేటి నేత్రవైద్యులు కూడ చెబుతున్నారు.

ముందు తిన్నది జీర్ణం కాకముందే మళ్ళీ తినడాన్ని అధ్యశనం అంటారు. అజీర్ణ వ్యాధులకు అది ముఖ్య హేతువు. ఒక దుర్వార్త మనస్సులో ఇంకకముందే వేలితో తెరను పైకి నెట్టి రెండవదానిని, అది ఇంకకముందే మూడవదానిని చూడడం దృష్టికి సంబంధించిన అధ్యశనమే అని నా అభిప్రాయం.

అయితే ఆ కట్టడి పథ్యమేనా?

ఇంతవరకు చదివిన పాఠకులు, "అట్లయితే ఆ సంస్థ చేసినది మంచి పనే కదా" అనవచ్చును. నేను ఒప్పుకోను. ఒక నియమం పథ్యమా, కాదా అని తేల్చడానికి నేను మూడు పరీక్షలు పెడతాను.

మొదటిది, అది ఎవరి మేలు కోసం? రోగి మేలు కోసం చెప్పినదే పథ్యం. ఆ సంస్థ తన సరుకును కాపాడుకోవడానికి ఆ కట్టడి చేసినట్లు తానే చెప్పుకున్నది. చూసేవారి కన్నులను, మనస్సులను గురించి అందులో ఒక్క మాట లేదు.

రెండవది, అది రోగి ప్రకృతిని, బలాన్ని బట్టి నిర్ణయించబడినదా? ఆహారమాత్ర అగ్నిబలాన్ని అనుసరించి ఉండాలని చరకుడు చెప్పాడు. ఇక్కడ మాత్ర ఖాతా తరగతిని అనుసరించింది. అప్పటికి ధ్రువీకరణ ముద్ర నెలనెలా రుసుము చెల్లించినవారికి లభించే వస్తువుగా మారిపోయి ఉన్నది. రుసుము కట్టినవానికి పది రెట్లు! మధుమేహ రోగి ఎక్కువ ఫీజు ఇచ్చాడని పది లడ్డూలు తినవచ్చునని చెప్పే వైద్యుడు ఉంటాడా? డబ్బుతో సడలిపోయే నియమం పథ్యం కాదు, అది అంగడివాని కొలత.

మూడవది, అది ముందుగా తెలియజేయబడినదా? పథ్యం చెప్పి మందు ఇస్తారు. విస్తరి ముందు కూర్చున్నవాని చేయి పట్టుకుని ఆపడం పథ్యం కాదు.

సమాచారం ఒక్కొక్కప్పుడు ఔషధంతో సమానమని కూడ మరువరాదు. మా ఆలంపూరు వారికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరు 2న నదులు పొంగి కర్నూలును, ఆలంపూరును ముంచినప్పుడు, నీరు ఎంతవరకు వచ్చిందన్న ఒక్క వార్త ప్రాణంతో సమానంగా ఉండేది. చూపునకు కట్టడి పెట్టిన ఆ 2023 జూలై నెల చివరలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి గ్రామం నీట మునిగి, జనం ఇంటి కప్పుల మీదకు చేరవలసి వచ్చింది. అటువంటి సమయంలో వాన కబురు కోసం చూసేవానికీ, వినోదం కోసం చూసేవానికీ ఒకే కొలత పెట్టడం, ఆకలితో ఉన్నవానికీ అజీర్ణంతో ఉన్నవానికీ ఒకే లంఘనం విధించడం వంటిది. శాస్త్రం అతియోగాన్ని నిందించినంతగా అయోగాన్నీ నిందించినది.

మా జిల్లా నేర్పిన పాఠం

కట్టడులన్నీ చెడ్డవని నా అభిప్రాయం కాదు. దీనికి మా జోగులాంబ గద్వాల జిల్లాయే సాక్ష్యం.

2018 ఎండాకాలంలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ ద్వారా భయంకరమైన దృశ్యాలు ఊరూరా వ్యాపించాయి. అవి అబద్ధాలు. కాని వాటిని చూసినవారికి కలిగిన భయం నిజం. దేశంలో అనేక చోట్ల అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. తెలంగాణలోనూ అటువంటి మరణాలు సంభవించాయి. ఆ సంవత్సరం జూలైలో హైదరాబాదు నుండి బీదరు జిల్లాకు వెళ్ళిన ఒక యువ ఇంజనీరు కూడ ఈ విధంగానే బలి అయ్యాడు.

అప్పుడు మా జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న శ్రీమతి రెమా రాజేశ్వరి ఈ వ్యాధికి గ్రామస్థాయిలోనే చికిత్స ప్రారంభించారు. పోలీసు కానిస్టేబుళ్ళు పల్లెలకు వెళ్ళి జనంతో మాట్లాడారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, చూసినదెల్లా నమ్మవద్దని, అనుమానం వస్తే తమకు చెప్పమని బోధించారు. ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాలలో ఈ పుకార్ల వలన ఒక్క ప్రాణం కూడ పోలేదని ఆనాడు జాతీయ, అంతర్జాతీయ పత్రికలు వ్రాశాయి.

2018 జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపడానికి వీలులేకుండ కట్టడి చేసింది. 2019 జనవరిలో దానిని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపే నియమం వచ్చింది. దాని వలన అటువంటి సందేశాల వ్యాప్తి 70 శాతం తగ్గినదని ఆ సంస్థయే ప్రకటించింది. ఈ కట్టడి ధనికునికీ, పేదకూ ఒకటే. దాని కారణం అందరికీ తెలిసినదే. అది నా చూపును ఆపదు, నా చేతి తొందరను మాత్రం కొంచెం నెమ్మదింపజేస్తుంది. అందుచేత దీనిని పథ్యం అనడానికి నాకు సంకోచం లేదు. అయినా డప్పు మోతతో కలిసినప్పుడే కట్టడికి పూర్తి బలం వచ్చింది. పథ్యం చెప్పిన వైద్యుడు దాని కారణం కూడ చెప్పాలి.

ఇంటివైద్యం పేరిట వచ్చే విషం

మన పత్రిక పాఠకులకు ఈ విషయం మరింత దగ్గరది. ఇంటివైద్యం మీద మనకున్న గౌరవాన్ని ఆసరా చేసుకుని ఎన్నో తప్పుడు చిట్కాలు తెరల మీద తిరుగుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయం ముసిరిన రోజులలో, ఉమ్మెత్త గింజల రసం త్రాగితే ఆ వ్యాధి రాదని చెప్పిన ఒక టిక్‌టాక్ దృశ్యాన్ని నమ్మి చిత్తూరు జిల్లాలో పదిమందికి పైగా దానిని త్రాగి ఆసుపత్రి పాలైనారు. ఉమ్మెత్తను ఆయుర్వేదం ఉపవిషాల జాబితాలో చేర్చింది. శోధన చేయకుండ, మాత్ర తెలియకుండ దానిని తాకరాదు. కాని ఒక నిమిషం దృశ్యంలో శోధన కనిపించదు, మాత్ర కనిపించదు, చెప్పేవాని అర్హత కనిపించదు. కంటిలో తేనె, ఉల్లిరసం వేసుకోమని వచ్చే సందేశాలు కూడ ఈ కోవలోనివే. వాటిని ఎవరూ పాటించవద్దని ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను.

మా ఆలంపూరులోని నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మవి, లోపల కొలువైనవాడు శివుడు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే ఆ తొమ్మిది పేర్లు రససిద్ధులు వాడిన ఓషధుల పేర్లని ఇక్కడ ఒక ఐతిహ్యం ఉన్నది. అర్కమంటే జిల్లేడు అని వైద్యులందరికీ తెలుసు. ఆ కథలో చరిత్ర ఎంతో నేను చెప్పబోవడం లేదు. కాని అందులో ఒక నీతి కనిపిస్తుంది. ఓషధిని సిద్ధులు గుడిలో దాచినంత జాగ్రత్తగా దాచారు, అర్హత చూసి ఇచ్చారు. జిల్లేడు పాలు మందు కాగలవు, తెలియనివాని చేతిలో కన్ను పోగొట్టగలవు.

ఎవరి కట్టడి నిలుస్తుంది?

ప్రపంచంలో అనేక దేశాలు ఈ దారిలో ప్రయత్నాలు చేస్తున్నాయి. 2021లో చైనాలో డౌయిన్ అనే సంస్థ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు రోజుకు 40 నిమిషాల పరిమితి పెట్టింది. 2023లో టిక్‌టాక్ పద్దెనిమిదేళ్ళ లోపువారికి 60 నిమిషాల హద్దు ప్రకటించింది, కాని సంకేతపదం కొట్టి దానిని దాటే వీలు కూడ ఇచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్ళ లోపువారికి సామాజిక మాధ్యమ ఖాతాలు లేకుండ చట్టం అమలు చేసింది. పిల్లల విషయంలో పెద్దల కట్టడి న్యాయమే. పసివానికి పథ్యం తల్లి చేయించాలి. పెద్దలకు మాత్రం బయటివారు పెట్టే కట్టడి చిరకాలం నిలవదు.

ఆయుర్వేదం వేగాలను రెండు విధాలుగా విభజించింది. ఆకలి, దప్పిక, నిద్ర, మలమూత్రాల వంటి శరీర వేగాలను ఆపరాదు. లోభం, ఈర్ష్య, ద్వేషం, కోపం వంటి మనోవేగాలను తప్పక ఆపాలి. నేడు మనం దీనిని తలక్రిందులు చేశాము. తెర కోసం నిద్రను ఆపుతున్నాము, ఆకలిని ఆపుతున్నాము, చివరకు మూత్రవేగాన్ని కూడ ఆపుతున్నాము. ఇంకొకటి, ఇంకొకటి అనే లోభాన్ని మాత్రం విచ్చలవిడిగా వదిలిపెట్టాము. ఈ వైపరీత్యాన్ని సరిచేయడం ఏ అంగడి యజమాని చేతిలోనూ లేదు, మన చేతిలోనే ఉన్నది.

ఆచరణీయ నియమాలు

1. భోజనానికి వేళ ఉన్నట్లే తెరకు కూడ వేళ ఉండాలి. రోజులో రెండు లేక మూడు వేళలు నిర్ణయించుకుని, మిగిలిన సమయంలో అత్యవసరమైన కబుర్లకు మాత్రమే తెరవాలి.

2. నిద్రకు గంట ముందు ఫోనును వేరొక గదిలో ఉంచాలి. చీకటిలో పడుకుని చూడడం పూర్తిగా మానాలి.

3. ఇరవై నిమిషాలకొకసారి కనీసం ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకండ్లు చూసి, రెప్పలను నెమ్మదిగా పలుమార్లు ఆర్పాలి.

4. రాత్రి అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకోవాలి. పాదాభ్యంగం చూపునకు మేలు చేస్తుందని చరకుడు చెప్పాడు. నిద్రకు కూడ ఇది సాయపడుతుంది.

5. త్రిఫలా చూర్ణాన్ని నేతితో, తేనెతో రాత్రివేళ సేవించడం నేత్రబలకరమని వాగ్భటుడు చెప్పాడు. నెయ్యి, తేనె సమానమైన తూకంలో కలపరాదు. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగకుండ వాడరాదు.

6. ఒక చిట్కాను ఇతరులకు పంపేముందు, దానిని మీ బిడ్డకు నిస్సంకోచంగా ఇవ్వగలరా అని ప్రశ్నించుకోవాలి. సందేహం కలిగితే పంపకూడదు.

7. చూపు మసకబారినా, కంటిలో నొప్పి, ఎర్రదనం తగ్గకపోయినా ఇంటివైద్యంతో కాలయాపన చేయక నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఆ యువకునికి నేను చుక్కల మందు ఇవ్వలేదు. పైన చెప్పిన నియమాలు కాగితం మీద వ్రాసి ఇచ్చి, చూసిన ప్రతి గంటకూ ఒక గీత గీసి తెమ్మన్నాను. మొదటి వారం తెచ్చిన కాగితంలో రోజుకు ఆరు గీతలు ఉన్నాయి. నెల తరువాత అవి రెండయ్యాయి. కళ్ళ మంట తగ్గింది, ఆకలి కుదిరింది. నిద్ర మాత్రం ఇంకా పూర్తిగా సరికాలేదన్నాడు. ఏళ్ళ తరబడి పాడైనది నెలలో చక్కబడదని, ఓర్పు వహించమని చెప్పి పంపాను.

వెళ్తూ వెళ్తూ అమ్మవారి దర్శనం చేసుకుని పోతానన్నాడు. జోగులాంబ సన్నిధిలో పండుగ రోజున గంటసేపు వరుసలో నిలబడితే దర్శనం లభించేది కొన్ని క్షణాలు. ఆ క్షణాలను మన తల్లులు ఏడాది పొడుగునా కళ్ళలో నిలుపుకుంటారు. అంత తక్కువ చూశామని ఎవరూ బాధపడరు. పాఠకులు ఈ రాత్రి దీపం ఆర్పే ముందు ఈనాడు ఎంత చూశామో, అందులో ఎంత గుర్తున్నదో ఒక్కసారి లెక్క వేసుకోవలసిందని కోరుతున్నాను.